అయిదుకి మూడు వేస్తే ఏమవుతుంది?

అందరికీ నమస్కారం. పులిహోర వాసన ఇక్కడిదాకా వస్తోంది కాబట్టి మీ బుర్ర ఎక్కువసేపు తినను.

ఈ ఏడాది ఒకే ప్రశ్న నన్ను, ఇక్కడ అమెరికాలో పిల్లల్ని మెడిసిన్ చదివిస్తున్న ముగ్గురు తల్లిదండ్రులు అడిగారు. "మావాడికి సర్జరీ క్లర్క్‌షిప్‌లో ఆనర్స్ రాలేదండీ. ఇక ఆర్థో మీద ఆశ వదులుకోవాల్సిందేనా?" క్లర్క్‌షిప్ అంటే ఒక్కో విభాగం వార్డుల్లో కొన్ని వారాలు పనిచేస్తూ నేర్చుకోవడం, ఆనర్స్ అంటే అందులో పై గ్రేడ్, ఆర్థో అంటే ఎముకల సర్జరీ. నేను ఎముకల డాక్టర్ని కాను, నాది ఇంటర్నల్ మెడిసిన్. అయినా నన్ను పిలిచారంటే కారణం ఒకటే. ఆ గ్రేడ్లు వేసే చేతుల్లో నాదీ ఒకటి.

ముందు నా తప్పు చెప్పుకుంటాను. నేను ఎంబీబీఎస్ చదివింది ఆంధ్రలో. మా రోజుల్లో 50 వస్తే పాస్, 75 వస్తే డిస్టింక్షన్. ఆ డిస్టింక్షన్లు బ్యాచ్ మొత్తానికి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. ఆ అలవాటుతోనే ఇక్కడ ఒక టీచింగ్ హాస్పిటల్లో చేరాను. ఆ కొత్తలో మా టీమ్‌లోకి థర్డ్ ఇయర్ అమ్మాయి ఒకామె వచ్చింది. తెల్లవారుజామున అయిదున్నరకే వార్డులో ఉండేది. పేషెంట్ పొటాషియం ఎంత అంటే కాగితం చూడకుండా చెప్పేది. ఒక ముసలాయన మూడు రోజులుగా అన్నం ముట్టడం లేదు. మేమంతా ఏ స్కాన్ తీద్దామా అని తర్జనభర్జన పడుతుంటే, ఈ అమ్మాయి ఆయన పక్కన కూర్చుని మాట్లాడి, కట్టుడు పళ్ళ సెట్టు ఎమర్జెన్సీలో వదిలేసి వచ్చారని కనుక్కుంది. వెళ్ళి వెతికి తెచ్చిందీ తనే. ఆ సాయంత్రం ఆయన భోంచేశాడు.

ఆ అమ్మాయి ఎవాల్యుయేషన్ ఫారం నాకు మూడు వారాల తర్వాత వచ్చింది. ఒకటి నుంచి అయిదు వరకు గళ్ళు. నేను చాలా గళ్ళలో నాలుగు, రెండిట్లో మూడు పెట్టి, కింద "మంచి స్టూడెంట్, ఇంకా చదివితే బాగా పైకొస్తుంది" అని రాశాను. బాగా మెచ్చుకున్నాననే అనుకున్నాను. కొన్నాళ్ళకి క్లర్క్‌షిప్ డైరెక్టర్ ఫోన్ చేసి, "ఆ అమ్మాయితో ఏమైనా ఇబ్బంది వచ్చిందా?" అని అడిగారు. అప్పుడు తెలిసింది, ఆ ఊళ్ళో మూడు అంటే ఏదో గొడవ ఉన్నట్టని. "ఇంకా చదివితే" అంటే చదవదని! అప్పటికే గ్రేడ్ వెళ్ళిపోయింది. ఆనర్స్ రావాల్సిన పిల్లకి హై పాస్ వచ్చింది. ఆమె వెళ్ళాలనుకున్నది ఆర్థోకే.

ఇండియా నుంచి వచ్చిన మనకి ఇది ఒక పట్టాన మింగుడుపడదు. అక్కడ హౌస్ సర్జన్సీలో రాత్రంతా కుట్లు వేసినా, డ్యూటీ ఎగ్గొట్టి లైబ్రరీలో కూర్చున్నా, పీజీ సీటు ఇచ్చేది నీట్ ర్యాంకే. ఇక్కడ థర్డ్ ఇయర్‌లో మెడిసిన్, సర్జరీ, పిల్లల వార్డు, ప్రసూతి, సైకియాట్రీ ఇలా కొన్ని వారాల చొప్పున తిరుగుతారు. ప్రతిచోటా షెల్ఫ్ ఎగ్జామ్ అని ఒక పరీక్ష. దానికి నాలాంటివాళ్ళూ, రెసిడెంట్లూ, అంటే ఇక్కడి పీజీలూ, నింపే ఫారాలు కలిపితే ఆనర్స్, హై పాస్, పాస్ అని గ్రేడ్ తేలుతుంది. పరీక్ష కాస్త నయం, కంప్యూటర్ దిద్దుతుంది. ఫారం మాత్రం మనిషి నింపుతాడు, అదీ నైట్ డ్యూటీ దిగి, సగం మర్చిపోయాక.

పైగా ఈ ఆనర్స్ అన్ని కాలేజీల్లో ఒకటి కాదు. 2012లో అకడమిక్ మెడిసిన్ పత్రికలో వచ్చిన ఒక పరిశీలన ప్రకారం, ఒకే క్లర్క్‌షిప్‌లో పై గ్రేడ్ ఒక కాలేజీలో నూటికి ఇద్దరికి వస్తే, ఇంకోచోట నూటికి 93 మందికి వచ్చింది. రూపాయి విలువ ఊరు మారితే మారిపోయినట్టు!

ఇక ఆర్థో సంగతి. అయిదేళ్ళ రెసిడెన్సీ. దేశం మొత్తం మీద ఏటా 900 చిల్లర సీట్లకి 1,400 మందికి పైనే పోటీ. ఒక్కో ప్రోగ్రాంలో ఉండేవి నాలుగైదో, ఏడెనిమిదో సీట్లు. అప్లికేషన్లు మాత్రం వందల్లో. అన్నీ కూర్చుని చదివే తీరిక సర్జన్లకు ఎక్కడిది? జల్లెడ పట్టాల్సిందే. ఒకప్పుడు ఆ జల్లెడ, డాక్టర్ లైసెన్సు కోసం రాసే పరీక్షల్లో మొదటిదైన స్టెప్ 1 స్కోరు. 2022 జనవరి నుంచి అది పాస్, ఫెయిల్ అయిపోయింది. దాని బరువంతా స్టెప్ 2 మీదా, రీసెర్చ్ మీదా, ఈ గ్రేడ్ల మీదా పడింది.

ఇక్కడొక విడ్డూరం ఉంది. చాలా కాలేజీల్లో ఆర్థో అసలు తప్పనిసరి క్లర్క్‌షిప్ కాదు. దాంతో సర్జరీ గ్రేడే దానికి బదులుగా నిలబడుతుంది. అంటే తుంటి ఎముక మార్చగలడా లేదా అన్నది, పిత్తాశయం తీసే సర్జన్ పెట్టిన గళ్ళు చూసి ఊహిస్తున్నారన్నమాట. సర్జరీ తర్వాత మెడిసిన్ గ్రేడ్ కూడా చూస్తారు. సైకియాట్రీలో ఒక్క పాస్ వచ్చిందని కొంప మునగదు, ఆ టెన్షన్ వద్దు. ఆల్ఫా ఒమేగా ఆల్ఫా అనే ప్రతిభావంతుల సంఘం సభ్యత్వం ఉన్న కాలేజీల్లో దానికీ ఈ గ్రేడ్లే మెట్లు. నేను రాసిన ఆ "ఇంకా చదివితే" లాంటి వాక్యాలు చాలాసార్లు ఉన్నవి ఉన్నట్టుగా, కాలేజీ ఒక్కో స్టూడెంట్ గురించి పంపే డీన్ లెటర్‌లోకి ఎక్కి, సెప్టెంబర్ ఆఖరికల్లా అన్ని ప్రోగ్రాంలకీ చేరతాయి.

మరి ఆనర్స్ లేకపోతే దారి మూసుకుపోయినట్టేనా? కాదు. గ్రేడ్ పని ఇంటర్వ్యూకి పిలుపు వచ్చేదాకానే ఎక్కువ. ఫోర్త్ ఇయర్‌లో వేరే హాస్పిటల్‌కి వెళ్ళి నెల రోజులు చేసే "అవే" (away) రొటేషన్‌లో జరిగేది ఇంకో కథ. అక్కడ మీ పిల్లల్ని కళ్ళారా చూస్తారు. పొద్దున్నే ఎవరొచ్చారు, ఆపరేషన్ మధ్యలో కాలు పట్టుకుని గంటసేపు కదలకుండా ఎవరు నిలబడ్డారు, తెలియనిది తెలియదని ఎవరు చెప్పారు, ఇవన్నీ. నేను మాట్లాడిన ఆర్థోవాళ్ళందరూ ఒకటే మాట, "మాతో రాత్రి రెండింటికి పనిచేయగలడా?" 2022-23 నుంచి ఆర్థోలో ఒక్కొక్కరికి 30 సిగ్నల్స్ ఇస్తున్నారు, మీ మీద నిజంగా ఆసక్తి ఉందని 30 ప్రోగ్రాంలకి చెప్పుకోవడానికి. అవే రొటేషన్ చేసిన చోటికి కూడా ఒక సిగ్నల్ పంపాలి, మొహమాటపడి వదిలేయకండి.

గ్రేడ్లు తీసేస్తే పోదా అంటారు. శాన్ ఫ్రాన్సిస్కోలోని యూసీఎస్ఎఫ్ 2019లో కోర్ క్లర్క్‌షిప్పుల్లో ఆనర్స్ ఎత్తేసింది. అందులో న్యాయం ఉంది. అదే ఏడాది యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ వాళ్ళు తమ గ్రేడ్లని తామే తవ్వి చూసుకుంటే, స్టెప్ 1 స్కోరు తేడాని పక్కకి తీసేసినా, కొన్ని క్లర్క్‌షిప్పుల్లో తెల్లవాళ్ళకే ఎక్కువ గ్రేడ్లు పడ్డట్టు తేలింది. మన పిల్లల సంగతి నేను చూస్తూనే ఉన్నాను. ఇంట్లో పెద్దవాళ్ళ ముందు తక్కువ మాట్లాడమని నేర్పాం. వార్డులో అదే మౌనం "చొరవ లేదు" అని ఫారంలో పడుతుంది. కానీ గ్రేడ్ తీసేసినా 900 సీట్లు 1,400 కావు. జల్లెడ ఇంకోటి వస్తుంది, అంతే. రీసెర్చ్ పేపర్లూ, పెద్ద కాలేజీ పేరూ. డబ్బూ పరిచయాలూ లేని పిల్లలకి అదింకా కష్టం. నా మట్టుకు నాకు గ్రేడ్లు ఉండాలి, వేసేవాళ్ళకి శిక్షణ కావాలి.

థర్డ్ ఇయర్‌లోకి వెళ్తున్న పిల్లలకి ఒక్క మాట. రొటేషన్ సగంలో ఉండగానే మీ అటెండింగ్‌ని, అంటే వార్డులో మీ పైన ఉండే సీనియర్ డాక్టర్ని, నేరుగా అడగండి, "నాలో ఏం లోపం కనిపిస్తోంది సర్, ఆనర్స్‌కి ఏం చేయాలి?" అని. సిగ్గుపడాల్సిన ప్రశ్న కాదు. ఆ అమ్మాయి నన్ను అలా అడిగి ఉంటే, మూడు అంటే ఏమిటో నాకు ఆవిడే చెప్పేది.

ఆవిడ ఏమైందని అడుగుతారు కదా. నేను డైరెక్టర్‌కి ఉత్తరం రాశాను, పళ్ళ సెట్టు సంగతి సహా. గ్రేడ్ మారలేదు, కానీ ఆ ముక్క డీన్ లెటర్‌లోకి వెళ్ళిందట. ఒక ఇంటర్వ్యూలో సర్జన్లు దాని గురించే పావుగంట అడిగారని చెప్పింది. మార్చిలో రెసిడెన్సీ సీట్లు తేలే మ్యాచ్ వారం సోమవారం నాడు, సీటు వచ్చిందో లేదో తెలిసే ఈమెయిల్ రాగానే నాకు ఫోన్ చేసింది. వచ్చింది.

నా ఫోన్లో ఇప్పుడు రెండు ఫారాలు పెండింగులో ఉన్నాయి, రేపే గడువు. ప్రశ్నలేవైనా ఉంటే అడగండి. వెనకాల ఆ అమ్మాయి చెయ్యెత్తి చాలాసేపయింది. చెప్పమ్మా.