ఓల్డ్ ట్రాఫర్డ్ పేరులో దాగిన రోమన్ బాట

[దృశ్యం: ఓల్డ్ ట్రాఫర్డ్ క్రికెట్ మైదానం, పై నుంచి]

1990లో సచిన్ తొలి టెస్టు సెంచరీ కొట్టింది ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ దగ్గరున్న ఈ మైదానంలోనే. ఈ పేరు వెనక పద్దెనిమిది వందల ఏళ్లు దాటిన రోడ్డొకటి ఉంది.

[మ్యాప్: చెస్టర్ నుంచి మాంచెస్టర్‌కు ఎర్ర గీత, దానికి అడ్డంగా మెర్సీ నది]

క్రీ.శ. 43లో బ్రిటన్ మీదికి దండెత్తిన రోమన్లు కోట నుంచి కోటకు రాయి, కంకర పరిచి బాటలు వేశారు. పరిచిన బాట లాటిన్‌లో 'వియా స్ట్రాటా'. తర్వాత వచ్చిన ఆంగ్లో-శాక్సన్లు అందులోంచి 'స్ట్రాట్' అనే మాట తీసుకున్నారు. మామూలు డొంకదారి వాళ్లకు 'వెగ్'. పాత ఊరి పేరులో స్ట్రాట్ ఉందంటే, దగ్గర్లో రోమన్ రోడ్డు కోసం వెతకాల్సిందే.

'ఫర్డ్' అంటే ఏట్లో దిగి దాటే చోటు. చెస్టర్ నుంచి మాంచెస్టర్‌కు వేసిన రోమన్ బాట మెర్సీ నదిని దాటిన చోట స్ట్రెట్‌ఫర్డ్ వెలిసింది. ట్రాఫర్డ్ కూడా అదే పేరంటారు పరిశోధకులు. 1066 తర్వాత ఫ్రాన్స్ నుంచి వచ్చిన నార్మన్ల నోట మొదటి 'స' జారిపోయింది. నాటింగ్‌హామ్‌కూ అదే జరిగింది: 1086 నాటి భూముల లెక్కల పుస్తకం డూమ్స్‌డే బుక్‌లో అది 'స్నాటింగెహామ్'.

[మ్యాప్: లండన్ నుంచి వాయవ్యంగా వాట్లింగ్ స్ట్రీట్]

వాట్లింగ్ స్ట్రీట్ అనే రోమన్ బాట గ్రేట్ ఊజ్ నదిని దాటే చోట స్టోనీ స్ట్రాట్‌ఫర్డ్. లండన్ నుంచి కోల్చెస్టర్‌కు వెళ్లే రోమన్ రోడ్డు లీ నదిని దాటే చోట లండన్ స్ట్రాట్‌ఫర్డ్. ఏరు లేకపోతే స్ట్రెట్టన్, స్ట్రెతమ్: బాట పక్కన ఊరు, బాట పక్కన ఇళ్లు. స్ట్రాట్, స్ట్రెట్ తేడా చాలావరకు యాసదే. దక్షిణాన శాక్సన్లది 'స్ట్రాట్', ఉత్తరాన, నడిమి ప్రాంతాల్లో ఆంగ్లులది 'స్ట్రెట్'.

[దృశ్యం: పాత రాతప్రతి, పక్కన నేటి మ్యాప్]

మీరే తేల్చుకోవాలంటే ముందు ఆ పేరు దొరికినంతలో అతి పాత రాత చూడండి. నేటి స్పెల్లింగ్‌ను నమ్మితే దెబ్బతింటారు. తర్వాత రోమన్ రోడ్ల మ్యాప్ మీద ఊరిని గుర్తించండి. పేరులో 'ఫర్డ్' ఉంటే గీత నదిని కోస్తోందా అన్నదీ చూడాలి.

ఎక్కువగా తప్పటడుగు పడేది యార్క్‌లో. అక్కడి స్టోన్‌గేట్ అనే వీధి పేరులో 'గేట్' ద్వారం కాదు, వైకింగుల మాటలో వీధి. నగర ద్వారాన్ని అక్కడ 'బార్' అంటారు. కెంట్, ఎసెక్స్ పల్లెల పేర్ల చివర వచ్చే 'స్ట్రీట్' చాలాచోట్ల తర్వాతి కాలానిది; రోడ్డు వెంట వరసగా కట్టుకున్న ఇళ్లని మాత్రమే దానర్థం.

[దృశ్యం: సాల్‌ఫర్డ్, ఇర్వెల్ నది]

ట్రాఫర్డ్ పొరుగునే ఉన్న సాల్‌ఫర్డ్‌ను చూసి ఉప్పు బళ్లు దాటిన చోటనుకోకండి. పాత ఇంగ్లీషులో 'సల్హ్' అంటే విల్లో చెట్టు. ఇర్వెల్ ఒడ్డున ఆ చెట్ల పక్కనే ఏరు దాటేవారు.