పెన్సిల్ గీత పైకే ఉండాలి

అందరికీ నమస్కారం. ఇళ్లలో పెంచుకునే గెక్కో అనే బల్లి గుడ్లను పొదిగించడం గురించి మాట్లాడమన్నారు. మొదటిసారి నేను చేసిన పనితో మొదలుపెడతాను. మా లెపర్డ్ గెక్కో తడి డబ్బాలో రెండు గుడ్లు పెట్టింది. తెల్లగా, మెత్తగా, మట్టి అంటుకుని ఉన్నాయి. నేనేం చేశానంటే, కుళాయి కింద కడిగి, గుడ్డతో తుడిచి, దూది మీద పడుకోబెట్టాను. కోడిగుడ్లను తిప్పుతారని ఎక్కడో విని, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి శ్రద్ధగా తిప్పాను కూడా! పదిహేను రోజులకు రెండూ పసుపు రంగుకు తిరిగి, లోపలికి కుంగి, వాసన వచ్చాయి. నా అతి శ్రద్ధే వాటిని చంపింది.

కోడిగుడ్డులో పచ్చసొనను రెండు వైపులా పట్టి ఉంచే మెలి తిరిగిన తాళ్లుంటాయి. పగలగొట్టినప్పుడు తెల్లగా కనిపించేవి అవే. తిప్పినా సొన ఆ తాళ్ల ఊతతో కుదురుకుంటుంది. బల్లి గుడ్డులో అవి లేవు. గుడ్డు పెట్టిన ఒకటి రెండు రోజుల్లోనే పిండం పైవైపు పొరకు అతుక్కుంటుంది. అప్పుడు గుడ్డును బోర్లించామా, సొన బరువంతా దాని మీదే పడుతుంది, లేదా ఆ అతుకు తెగుతుంది. అందుకే గుడ్డు కనిపించగానే, ముట్టుకోకముందే, మెత్తని పెన్సిల్‌తో పైన ఒక చిన్న గీత గీయండి. పొదిగినన్నాళ్లూ ఆ గీత పైకే ఉండాలి. ఎప్పుడు పెట్టిందో తెలియని గుడ్డయితే మరీ జాగ్రత్త.

ఇక ఎక్కడ ఉంచాలి? మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా చాలు. అందులో వర్మిక్యులైట్ గానీ పెర్లైట్ గానీ వేయండి, రెండూ తేమను పట్టి ఉంచే తేలికపాటి ఖనిజపు గుళికలు. ఎంత బరువు వేస్తే అంత బరువు నీళ్లు: వంద గ్రాములకు వంద గ్రాములు. కళ్లతో కొలవకండి, తూకం వేయండి. పిడికిట్లో పిసికితే ముద్ద కట్టాలి, నీరు మాత్రం కారకూడదు. వేలితో చిన్న గుంట చేసి, గుడ్డు సగం లోపల, సగం బయట ఉండేలా పెట్టండి. మూతకు ఒకటి రెండు సన్నని రంధ్రాలు, వారానికోసారి క్షణం పాటు మూత తీయడం, గాలికి అంతే చాలు. ఈ గుడ్డు పెంకు తోలులాంటిది, తేమను పీల్చుకుని పెరుగుతుంది. నెల తర్వాత చూస్తే పెట్టిన రోజుకన్నా లావుగా కనబడుతుంది.

వేడి సంగతి కాస్త నిదానంగా చెప్పాలి. లెపర్డ్ గెక్కోలో పిల్ల ఆడా మగా అన్నది క్రోమోజోములు తేల్చవు, మీ ఇంక్యుబేటర్, అంటే గుడ్ల డబ్బాను వెచ్చగా ఉంచే పెట్టె, తేలుస్తుంది. 26, 27 డిగ్రీల దగ్గర దాదాపు అన్నీ ఆడవే. 32 దగ్గర ఎక్కువగా మగవి. 30 చుట్టూ రెండూ కలిసి వస్తాయి. వింత ఏమిటంటే, 34 దాటితే మళ్లీ ఆడవే ఎక్కువ. కానీ ఆ వేడిలో గుడ్లు చచ్చే ప్రమాదం ఎక్కువ, ఆ జోలికి పోకండి. వేడి తగ్గితే ఆలస్యం, అంతే: 32 దగ్గర నెలన్నర, 27 దగ్గర రెండు నెలలు, ఆ పైన కూడా. కొత్తవాళ్లకు నేను చెప్పేది 28 దగ్గర పెట్టమని. కాస్త అటూ ఇటూ అయినా తట్టుకుంటుంది.

ఇంక్యుబేటర్‌ను గుడ్లు రాకముందే రెండు రోజులు ఖాళీగా నడిపి చూడండి. వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్‌కు వేడిని కొలిచే తీగ ఉంటుంది, దాని కొన గుడ్ల పక్కనే, గుడ్ల ఎత్తులోనే ఉండాలి. అది జారి బయటపడితే, బయటి చల్లగాలిని చూసి మిషన్ లోపల వేడి పెంచుకుంటూ పోతుంది. టేప్‌తో అంటించండి. థర్మోస్టాట్ లేని హీట్ ప్యాడ్ మీద గుడ్లు పెట్టడం మాత్రం నేను ఒప్పుకోను.

అన్ని గెక్కోలకూ ఇదే లెక్క కాదు. క్రెస్టెడ్ గెక్కో గుడ్లకు 22 నుంచి 26 డిగ్రీలు చాలు, కాకపోతే రెండు నుంచి నాలుగు నెలలు ఆగాలి. టోకే గెక్కో గుడ్లు గట్టి పెంకుతో గోడకు అతుక్కుని ఉంటాయి. ఊడబీకితే పగులుతాయి, అక్కడే వదిలేయండి.

వారం పది రోజులకు చీకట్లో చిన్న టార్చి ఆనించి చూడవచ్చు, గుడ్డు కదపకుండా. గులాబీ రంగు, ఎర్రటి సన్నని నరాలు కనిపిస్తే ప్రాణం ఉన్నట్టే. పసుపుగా, బోసిగా ఉంటే అనుమానించాలి, కానీ వెంటనే పారేయకండి. కుళ్లి వాసన వచ్చేదాకా నేను ఏ గుడ్డునూ పారేయను. పొదగడం మొదలైన కొత్తలో సొట్ట పడితే తేమ తక్కువైందని అర్థం. గుడ్డు మీద పడకుండా పక్కన కొన్ని చుక్కల నీళ్లు వేస్తే మళ్లీ నిండుకోవచ్చు. అదే సొట్ట చివరి రోజుల్లో పడితే మంచి కబురు.

మాకు మొదటి పిల్ల వచ్చినప్పుడు ముందురోజు నుంచే గుడ్డుకు చెమట పట్టింది. చిన్న చిన్న నీటి బొట్లు. తర్వాత కాస్త కుంగింది. రాత్రి బ్లేడుతో గీసినట్టు రెండు చీలికలు, వాటి మధ్య నుంచి ముట్టె. బయటికి వస్తుందనుకుంటే గంటల తరబడి అలాగే ఉండిపోయింది. నాకు టెన్షన్. పట్టకారు చేతిలోకి కూడా తీసుకున్నాను. అదృష్టం కొద్దీ వాడలేదు. అది ఆగింది అలసిపోయి కాదు, మిగిలిన సొనను కడుపులోకి లాక్కుంటోంది. అప్పుడు లాగితే ఆ సొన సంచి చిరిగి నెత్తురు కారుతుంది. తెల్లారి చూస్తే నలుపు, పసుపు పట్టీలతో బయట కూర్చుని ఉంది.

వచ్చిన పిల్లకు వెంటనే తిండి పెట్టకండి. తడి కాగితపు టవల్ వేసిన చిన్న డబ్బాలోకి మార్చండి. రెండు మూడు రోజుల్లో మొదటి కుబుసం విడిచి, చాలాసార్లు దాన్నే తినేస్తుంది. ఆ తర్వాత దాని కళ్ల మధ్య దూరం కన్నా చిన్న కీచురాయి ఒకటి, కాల్షియం పొడి చల్లి ఇవ్వండి.

ఆ మొదటి పిల్ల పెంకు తెచ్చాను. ముందు వరుస నుంచి అందించుకోండి, ఎండిపోయింది, కాగితంలా ఉంటుంది. చీలికలకు పైన చూడండి, పెన్సిల్ గీత ఇంకా ఉంది.