బ్రాకెట్లో గ్రహం పేరు ఉండాలి

అందరికీ నమస్కారం. ఈ రోజు నేను మాట్లాడబోయేది వ్యాసం పేరు పక్కన బ్రాకెట్లో పెట్టే ఒకటి రెండు మాటల గురించి. సౌర కుటుంబంలోని ఉపగ్రహాల మీద తెలుగు వికీపీడియాలో రాసేటప్పుడు ఆ మాటలు ఏవైతే బాగుంటాయన్నదే విషయం. ఇంత చిన్న సంగతికి ప్రసంగమా అని మీకు అనిపించవచ్చు. చర్చా పేజీల్లో ఎక్కువ గొడవలు ఇలాంటి వాటి మీదే జరుగుతాయని మీకు నేను చెప్పాలా?

ఒకే పేరు చాలావాటికి ఉండటమనే ఈ చిక్కు మనకు కొత్తదేం కాదు. శని అని వెతికేవారికి కావాల్సింది వలయాలున్న గ్రహమా, మందపల్లిలో తైలాభిషేకాలు అందుకునే దేవుడా, జాతకంలో ఏలినాటి శనా? బుధుడు, శుక్రుడు, బృహస్పతి అందరిదీ ఇదే వరస. మన గ్రహాల పేర్లతో ఎప్పటినుంచో ఏదోలా నెట్టుకొస్తున్నాం. ఉపగ్రహాల దగ్గరికొచ్చేసరికి పేర్లు గ్రీకువి, రోమన్లవి. దాంతో ఇంగ్లీషు వికీపీడియాలో ఎలా ఉంటే అలా దించేద్దామనిపిస్తుంది. అక్కడ బ్రాకెట్లో ‘మూన్’ అని ఉంటే ఇక్కడ ‘ఉపగ్రహం’ అని పెట్టి ముందుకెళ్ళిపోతాం. అది సరిపోదని నా వాదన.

ఈ పేర్ల వెనక కథ కొంచెం చూద్దాం. 1610 జనవరిలో గెలీలియో గురుగ్రహం చుట్టూ తిరిగే నాలుగింటిని గుర్తించి, తనకు ఆశ్రయం కావాలనుకున్న మెడిచీ వంశం పేరు పెట్టాడు. అయో, యూరోపా, గానిమీడ్, కలిస్టో అన్న పేర్లను 1614లో జర్మన్ ఖగోళ శాస్త్రజ్ఞుడు సైమన్ మారియుస్ తన పుస్తకంలో రాశాడు. నలుగురూ రోమన్ల దేవుడు జ్యూపిటర్ (గ్రీకులకు జ్యూస్) మోహించినవాళ్ళే. ఈ ఆలోచన ఖగోళ శాస్త్రజ్ఞుడు కెప్లర్ ఇచ్చాడని మారియుసే చెప్పుకున్నాడు. అయినా చాలా కాలం శాస్త్రజ్ఞులు వాటిని అంకెలతోనే పిలిచారు. 1847లో జాన్ హెర్షెల్ శని ఉపగ్రహాలకు గ్రీకు పురాణాల్లోని టైటాన్ల పేర్లూ, వాళ్ళ బంధువర్గం పేర్లూ సూచించాక పురాణాల వాడకం గట్టిపడింది.

ఈలోగా గ్రహశకలాలు కనిపెట్టేవాళ్ళూ అదే పురాణాల మీద పడ్డారు. 1858లో దొరికిన ఒక గ్రహశకలానికి యూరోపా అని పెట్టారు. అదే ఏడాది ఇంకోదానికి పండోరా అన్నారు. 1865లో అయో. అంటే యూరోపా అనగానే ఎద్దు రూపంలో వచ్చిన జ్యూస్ ఎత్తుకెళ్ళిన రాకుమారి ఉంది, మంచు పెంకు కింద సముద్రం ఉందని శాస్త్రజ్ఞులు నమ్ముతున్న ఉపగ్రహం ఉంది, ఒక గ్రహశకలం ఉంది. పైగా యూరప్ ఖండం కూడా అక్కడే పొంచి ఉంది.

అంతర్జాతీయ ఖగోళ సంఘం వాళ్ళకీ ఈ తలనొప్పి తప్పలేదు. ప్లూటో చుట్టూ 2005లో కనబడిన రెండు చిన్న ఉపగ్రహాల్లో ఒకదానికి రాత్రి దేవత పేరు ఇవ్వాలనుకున్నారు. ఆ పేరుతో అప్పటికే ఒక గ్రహశకలం ఉంది కాబట్టి స్పెల్లింగులో ఒక అక్షరం మార్చారు. 2013లో ప్లూటోదే ఇంకో ఉపగ్రహం కెర్బెరోస్ విషయంలోనూ ఇదే ఉపాయం. ఇంగ్లీషు స్పెల్లింగుకి ఇది పనికొచ్చింది. మన లిపిలోకి వచ్చేసరికి రాత్రి దేవతా నిక్సే, ప్లూటో ఉపగ్రహమూ నిక్సే. గానిమీడ్ సంగతి ఇంకా విచిత్రం. 1924లో కనిపెట్టిన ఒక గ్రహశకలానికి అదే పేరు జర్మన్ పద్ధతిలో, చివరి అక్షరం లేకుండా పెట్టారు. తెలుగులో ఒకటి గానిమీడ్, ఇంకొకటి గానిమెడ్ అని రాస్తే తేడా ఒక్క గుణింతం. మొదటిది 5,268 కిలోమీటర్ల వ్యాసంతో బుధగ్రహం కన్నా పెద్దది, రెండోది సుమారు 35 కిలోమీటర్లది. గుణింతం మీద ఆధారపడి వ్యాసాలను విడదీయడం నాకు ససేమిరా ఇష్టం లేదు. టైపు చేసేటప్పుడు ఎవరైనా తప్పు కొడతారు, కొట్టకపోతే ఇంకొకరు వచ్చి ‘సరిచేస్తారు’.

ప్లూటో పెద్ద ఉపగ్రహం కథ కూడా అలాంటిదే. 1978లో దాన్ని గుర్తించిన జేమ్స్ క్రిస్టీ తన భార్య షార్లీన్ ముద్దుపేరు కలిసొచ్చేలా పేరు ఎంచుకున్నాడు. అది చనిపోయినవాళ్ళను నది దాటించే గ్రీకు పడవవాడి పేరు కూడా. 2015లో ప్లూటో పక్కనుంచి వెళ్ళిన న్యూ హొరైజన్స్ అంతరిక్ష నౌక బృందం దాన్ని ‘షారన్’ అంటుంది. పడవవాణ్ణి మాత్రం ఇంగ్లీషువాళ్ళు ‘కేరన్’ అంటారు. స్పెల్లింగు ఒకటే కాబట్టి ఇంగ్లీషులో రాసేవాళ్ళు ఎటూ తేల్చకుండా తప్పించుకోవచ్చు, మనకు ఆ వీల్లేదు. ఉపగ్రహానికి షారన్, పడవవాడికి కేరన్ అని రాసి, రెండో ఉచ్చారణ నుంచి అయోమయ నివృత్తి పేజీకి (ఒకే పేరున్న వ్యాసాల జాబితాకి) దారిమార్పు ఇస్తే చాలు, ఆ పేరు కొట్టినవారు నేరుగా అక్కడికి చేరతారు.

ఇప్పుడు బ్రాకెట్ దగ్గరికి వద్దాం. మనం ఉపగ్రహం అనే మాటను శ్రీహరికోట నుంచి ఎగిరేదానికీ వాడతాం, శని చుట్టూ తిరిగేదానికీ వాడతాం. రోహిణి తీసుకోండి. చంద్రుడి భార్య, ఆకాశంలో నక్షత్రం, రోళ్ళు పగలగొట్టే కార్తె, 1980 జూలై 18న ఎస్ఎల్వీ-3 రాకెట్ కక్ష్యలో పెట్టిన ఇస్రో ఉపగ్రహం. ‘రోహిణి (ఉపగ్రహం)’ అంటే ఈ చివరిదే. కాబట్టి ‘పండోరా (ఉపగ్రహం)’ అని చూసినవారు అదేదో దేశం ప్రయోగించిందనుకుంటే తప్పు వాళ్ళది కాదు. పైగా అవతార్ సినిమాలోని పండోరా కూడా ఒక గ్రహానికి ఉపగ్రహమే! తెలుగు కుర్రాళ్ళలో ఎక్కువమందికి తెలిసిన పండోరా అదే.

అందుకే ‘పండోరా (శని ఉపగ్రహం)’ అని పెడదామంటున్నాను. అమ్మాయిని పెళ్ళివారికి ఫలానావారి అమ్మాయి అని పరిచయం చేసినట్టు, ఏ గ్రహం తాలూకో చెప్పేస్తే సగం టెన్షన్ పోతుంది. పాన్ అనే పేరు చూడండి. శని వలయాల మధ్య సందులో తిరిగే పాన్‌ను 1990లో వాయేజర్ అంతరిక్ష నౌక ఫొటోల్లో కనిపెట్టారు. కానీ ఇప్పుడు కార్మే అంటున్న గురు ఉపగ్రహాన్ని 1955 నుంచి 1975 దాకా పాన్ అనే పిలిచేవారు. ఆ కాలం పుస్తకం ముందు పెట్టుకుని రాసేవాళ్ళకు గురుగ్రహానికి పాన్ కనిపిస్తుంది, డిమీటర్ కనిపిస్తుంది, హేడిస్ కనిపిస్తుంది. బ్రాకెట్లో గ్రహం పేరు ఉంటే ఆ తికమక అక్కడికక్కడే తేలుతుంది. ఇక ఉత్త ‘పాన్’ అన్న పేజీ కిళ్ళీకీ, ఆదాయపు పన్ను కార్డుకీ దారి చూపించాలి కదా.

పేరు పొడవైపోతుందని కొందరంటారు. వ్యాసం లోపల లింకు ఇచ్చేటప్పుడు నిలువుగీత పెట్టి ఉత్త పేరే చూపించవచ్చు, పాఠకుడికి బ్రాకెట్ కనిపించదు. బాగా పేరున్న వాటికి బ్రాకెట్ ఎందుకని ఇంకొందరు. ఎన్సెలాడస్ విషయంలో ఒప్పుకుంటాను. 2005లో కాసినీ అంతరిక్ష నౌక ఈ శని ఉపగ్రహం దక్షిణ ధ్రువం దగ్గర నీటి ఆవిరి ఎగజిమ్మడం గుర్తించాక ఆ పేరుతో వెతికేవాళ్ళు ఎక్కువగా ఉపగ్రహం కోసమే వస్తారు. ఆ పేరున్న గ్రీకు రాక్షసుడికే బ్రాకెట్ ఇద్దాం. శని ఉపగ్రహం టైటాన్‌కి మాత్రం ఒప్పుకోను. మన దగ్గర ఆ మాట వింటే ముందు చేతి గడియారం గుర్తొస్తుంది. యురేనస్ ఉపగ్రహం ఏరియల్‌ది బట్టల సబ్బు పొడితో పోటీ.

యురేనస్ వాటితో ఇంకో జాగ్రత్త. టిటానియా, ఓబెరాన్ షేక్స్‌పియర్ నాటకంలోంచి వచ్చారు. వాళ్ళకు అలవాటుగా ‘గ్రీకు పురాణ పాత్ర’ అని తగిలించకండి.

ఒక్క సాంకేతిక విషయం. కొత్త వ్యాసాన్ని వికీడేటాలో (ఒకే విషయం మీద అన్ని భాషల వ్యాసాలనూ ముడివేసే చోటు) కలిపేటప్పుడు సరైన అంశమేనా అని చూడండి. పేరు ఒకటే కదా అని ఉపగ్రహం వ్యాసాన్ని దేవత అంశానికి కలిపితే, తెలుగులో శని ఉపగ్రహం చదువుతూ వేరే భాష నొక్కినవారికి గ్రీకు దేవత కథ వస్తుంది.

2025 మార్చిలో శనికి ఒకేసారి 128 కొత్త ఉపగ్రహాలను గుర్తించారు, లెక్క 274కు చేరింది. వాటికి ఇప్పటికి అంకెలూ అక్షరాలే. ముందుముందు పేర్లు వచ్చినా నార్స్, గాల్, ఇన్యూట్ కథల్లోంచే వస్తాయి. ఆ పని వచ్చేలోపు పాత మొలకల (కొన్ని వాక్యాలే ఉన్న వ్యాసాల) పేర్లు మార్చుకుందాం. గ్రహశకలాలతోనూ తగాదా ఉన్న పండోరా, ప్రొమీథియస్, లీడా, యూరోపా నుంచి మొదలుపెడితే మంచిది. పాత పేరు నుంచి దారిమార్పు ఉంచడం మరిచిపోకండి.