ట్రినిడాడ్‌లో డగ్లాలు

శ్రోతలకు నమస్కారం. 1961లో కరీబియన్ దీవి ట్రినిడాడ్‌లో, అక్కడి జానపద బాణీ అయిన కాలిప్సో పాటల పోటీ నెగ్గిన గాయకుడు తన పాటలో ఒక చిక్కుప్రశ్న వేశాడు. ఈ దీవిలో ఉన్నవాళ్లందర్నీ పూర్వీకుల దేశాలకు పంపించేస్తే తన సంగతేమిటని. సగం ఆఫ్రికాకి, సగం ఇండియాకి పంపాలంటే తనను నిలువునా రెండు చెయ్యాల్సిందేనట. జనం పగలబడి నవ్వారు. అతను పెట్టుకున్న పేరు మైటీ డగ్లా.

అక్కడ నల్లవారికీ భారతీయులకూ పుట్టిన పిల్లల్ని డగ్లా అంటారు. 1838లో బానిసత్వం పూర్తిగా పోయాక చెరకు తోటల దొరలకు కూలీలు కావాల్సివచ్చింది. 1845 మే 30న ఫతెల్ రజాక్ అనే ఓడ మనదేశం నుంచి మొదటి జట్టును పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో దింపింది. 1917 దాకా దాదాపు 1,44,000 మంది వెళ్లారు. ఎక్కువమంది భోజ్‌పురీ మాట్లాడేవాళ్లు. మద్రాసు రేవు నుంచి వెళ్లినవాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. తమిళుడైనా తెలుగువాడైనా అక్కడ మద్రాసీయే.

ఆ భోజ్‌పురీతోబాటు ఓ తిట్టు కూడా ఓడెక్కింది. డగ్లాకు మూలం అదే. హిందీ వచ్చినవాళ్లకు దోగ్లా అంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. కులం కలిసి పుట్టినవాణ్ణి ఈసడించే మాట. సముద్రం దాటితే కులం పోతుందని భయపడ్డవాళ్లే ఆ మాటను మాత్రం భద్రంగా తీసుకెళ్లారు!

తెల్లదొరల లెక్క వేరు. తెల్లరక్తం పాలు ఎంతో కొలిచి ములాటో, క్వాడ్రూన్, ఆక్టరూన్ అని మెట్లు కట్టారు. తెలుపు పెరిగినకొద్దీ హోదా పెరిగేది. తెల్లరక్తమే లేని డగ్లాకు అందులో మెట్టే లేదు. అటు భారతీయ బంధువులకు జుట్టు ఉంగరాలు తిరిగితేనే టెన్షన్. పెళ్లి జరిగినా గడప తొక్కనివ్వని ఇళ్లుండేవి.

2011 జనాభా లెక్కల్లో ఈ కలయికకు విడిగా ఓ గడి ఉంది. అందులో తేలినవాళ్లు 7.7 శాతం, అంటే లక్షకు పైనే. భారతీయ సంతతి 35.4 శాతం, ఆఫ్రికన్ సంతతి 34.2 శాతం. తేడా చూశారుగా, ఒక్క శాతం పైచిలుకు. ఇప్పుడు చాలామంది యువకులు తామే డగ్లాలమని దర్జాగా చెప్పుకుంటారు. కొందరు పెద్దవాళ్లకు ఆ మాట వింటే ఇంకా ఒళ్లు మండుతుంది. ఇక ఓట్లను జాతిని బట్టి లెక్కేసుకునే పార్టీలవాళ్లకు, ఈ లక్షమందిని ఎటు కలుపుకోవాలో ప్రతి ఎన్నికలోనూ తలనొప్పే.