ఎంటర్‌ప్రైజ్: ముప్పు రియాక్టర్లలో కాదు, డెక్ మీద

మిత్రులారా, మనవాళ్లకు ఎంటర్‌ప్రైజ్ అనగానే 1971 డిసెంబరే గుర్తొస్తుంది. బంగ్లాదేశ్ యుద్ధం చివర్లో బంగాళాఖాతంలోకి వచ్చి, ఒక్క గుండూ పేల్చకుండా వెళ్లిపోయిన అమెరికా ఓడ అది. అణుశక్తితో నడిచిన తొలి విమానవాహక నౌక. 1961 నవంబర్ 25న నౌకాదళంలో చేరింది.

అందులో రియాక్టర్లు 8. తర్వాత వచ్చిన నిమిట్జ్ తరగతి ఓడలకు రెండే చాలాయి. మామూలు ఓడలో 8 బాయిలర్లుండే చోట ఒక్కో బాయిలర్‌కు బదులు ఒక్కో రియాక్టర్ పెట్టేశారు, అదీ కారణం. ప్రొపెల్లర్లను తిప్పే 4 షాఫ్టులకు రెండేసి చొప్పున. పొగగొట్టం అక్కర్లేదు కనుక దిగే విమానాలకు పొగ అడ్డం రాదు. 1964లో లాంగ్ బీచ్, బెయిన్‌బ్రిడ్జ్ అనే అణు నౌకలతో కలిసి, దారిలో ఇంధనం నింపుకోకుండా 65 రోజుల్లో భూమిని చుట్టింది. యుద్ధంలో ఈ గొప్ప చెల్లదు. రియాక్టర్ ఏళ్లకేళ్లు నడుస్తుంది గానీ విమానాల ఇంధనం, బాంబులు రోజుల్లోనే నిండుకుంటాయి. సరఫరా ఓడ పక్కకు రావాల్సిందే.

అందరి భయమూ రియాక్టర్ల మీదే. ప్రాణాలు తీసింది మాత్రం విమానాలను స్టార్ట్ చేసే చిన్న బండి. జెట్ ఇంజిన్ తిరగడం మొదలవ్వాలంటే బయటి నుంచి గాలి తోయాలి. ఆ పని చేసే బండి తన టర్బైన్ పొగను వేడివేడిగా కక్కుతుంది. 1969 జనవరి 14 ఉదయం, హవాయి దగ్గర, ఆ పొగ డెక్ మీదున్న ఒక ఫాంటమ్ యుద్ధవిమానం రెక్క కింది జూనీ అనే రాకెట్ ముక్కుకు తగిలింది. అందులోని పేలుడు పదార్థముండే వార్‌హెడ్ వేడెక్కి పేలింది. శకలాలు ట్యాంకులను చీల్చాయి, ఇంధనం అంటుకుంది, ఆ మంటల్లో బాంబులు పేలాయి. విమానాలు దిగే పై అంతస్తు, అంటే డెక్‌కు పడ్డ కన్నాల్లోంచి మండుతున్న ఇంధనం కింది అంతస్తుల్లోకి కారింది. మొత్తం 18 పేలుళ్లు. 28 మంది చనిపోయారు, 314 మంది గాయపడ్డారు, 15 విమానాలు నాశనమయ్యాయి. రియాక్టర్లకు ఏమీ కాలేదు.

పర్ల్ హార్బర్‌లో మరమ్మతు చేయించుకుని మార్చిలోనే మళ్లీ బయల్దేరింది. 1971 తర్వాత కూడా చాలా పని చేసింది. 2001 అక్టోబర్‌లో అఫ్గానిస్తాన్ మీద తొలి దాడుల్లో దాని విమానాలున్నాయి. 2012 డిసెంబర్ 1న సేవ నుంచి తప్పించారు, 2017 ఫిబ్రవరి 3న లాంఛనంగా తొలగించారు. మ్యూజియంగా ఉంచమని చాలామంది అడిగారు. కానీ 8 రియాక్టర్లనూ బయటికి తీయాలంటే ఓడను కోయక తప్పదు.