రెబెక్కా క్లార్క్ ట్రయో, ఇంకా ఆ ఓటు గొడవ

అక్క: అందరికీ నమస్కారం. ఇవాళ ఇంగ్లండ్ సంగీతకర్త రెబెక్కా క్లార్క్ పియానో ట్రయో గురించి. ట్రయో అంటే మూడు వాయిద్యాల కోసం రాసిన సంగీతం. 1921లో రాసింది. పియానో, వయోలిన్, చెల్లో, అంతే.

తమ్ముడు: ముందు వయోలా సంగతి చెప్పాలి అక్కా.

అక్క: ట్రయోలో వయోలా ఎక్కడుందిరా?

తమ్ముడు: ఆవిడ వయోలా మనిషి కదా! అది వయోలిన్ లాంటిదే, కాస్త పెద్దది. లండన్ రాయల్ సంగీత కాలేజీలో పాఠం చెప్పిన స్టాన్‌ఫర్డ్ గారే వయోలిన్ మానేసి వయోలా పట్టమన్నారు. నాదం నట్టనడుమ కూర్చుంటే ఎవరేం చేస్తున్నారో అంతా తెలుస్తుందని. వయోలిన్ కన్నా ఒక పంచమం కిందికి శ్రుతి. మన బాలమురళి గారు వయోలా చేతపట్టారంటే ఊరికేనా?

అక్క: వచ్చేశారు బాలమురళి గారు. ఇక వీడు ఆగడు. సరే, ట్రయో. మొదట్లోనే పియానో ఒకే స్వరాన్ని మళ్ళీ మళ్ళీ గట్టిగా కొడుతుంది. ఆ దెబ్బ మూడు భాగాల్లోనూ ఏదో వేషంలో తిరిగొస్తుంది. రెండో భాగంలో అయితే...

తమ్ముడు: దీనికీ బహుమతి రాలేదు.

అక్క: మొదలుపెట్టావా.

తమ్ముడు: పెట్టాల్సిందే. 1919లో అమెరికాలో ఎలిజబెత్ కూలిడ్జ్ గారు పెట్టిన సంగీత రచన పోటీ. వయోలాకీ పియానోకీ క్లార్క్ రాసిన సొనాటా ఒకవైపు, ఎర్నెస్ట్ బ్లాక్ అనే ఇంకో సంగీతకర్త రాసిన సూట్ ఒకవైపు. జడ్జీల ఓట్లు సమానం. చివరి ఓటు కూలిడ్జ్ గారిది. బ్లాక్‌కి వేశారు. రెండేళ్ళకి ఈ ట్రయో పంపితే మళ్ళీ రెండో స్థానం. ఇది అన్యాయం కాదా?

అక్క: ఆ ఓటు అన్యాయం కాదు. రాసినవాళ్ళ పేర్లు దాచిపెట్టి చూశారు. ఆడమనిషి అని తెలిశాక జడ్జీలే తెల్లబోయారు. బ్లాక్ సూట్ కూడా గొప్పదే, నువ్వే నెల రోజులు కారులో అదే పెట్టావు.

తమ్ముడు: గొప్పదే. కానీ...

అక్క: వినరా. అన్యాయం జరిగింది ఓటు దగ్గర కాదు, ఓటు తర్వాత. రెబెక్కా క్లార్క్ అనే మనిషే లేదు, అది బ్లాక్ పెట్టుకున్న మారుపేరు అని పుకారు. ఒక ఆడది ఇంత రాయగలదని నమ్మడం కన్నా ఆ మనిషే లేదనుకోవడం వాళ్ళకి తేలికైంది! నాకు ఒళ్ళు మండేది అక్కడ.

తమ్ముడు: మరి 1918 కచేరీ? న్యూయార్క్‌లో. క్లార్క్ తను రాసిన ఒక ముక్కకి రచయితగా ఆంథొనీ ట్రెంట్ అని మగపేరు పెట్టింది. పేపర్లవాళ్ళు ఆ ట్రెంట్‌నే మెచ్చుకున్నారు. ఆవిడ సొంత పేరుతో ఉన్నవాటిని పట్టించుకోలేదు.

అక్క: అదీ. చెవి ఒప్పుకుంది, పేరు చూసి వెనక్కి తగ్గారు.

తమ్ముడు: అంటే నాదే రైటు.

అక్క: కాదు. నువ్వు పోటీ గురించే మాట్లాడుతుంటే సొనాటా ఎవరు వింటారు? మొదటి నిమిషం విను. వయోలా బాకా ఊదినట్టు లేస్తుంది. కింద పియానో ఒక్క మోతని అలా నిలబెట్టి ఊరుకుంటుంది. వయోలా దాని మీద ఒక్కతే తిరుగుతుంది.

తమ్ముడు: అచ్చం శ్రుతి మీద ఆలాపనలా. అందుకే అంటున్నా, బాలమురళి గారు...

అక్క: ఉండు. ఈ అమ్మాయిని నాన్న ఇంట్లోంచి పంపేశాడు తెలుసా? 1910లో. ఆయనకి వేరే ఆడవాళ్ళతో ఉన్న వ్యవహారాల గురించి అడిగినందుకు. డబ్బు ఆపేశాడు, కాలేజీ చదువు ఆగిపోయింది. ఇక ఈ వయోలా మీదే బతికింది. లండన్‌లో హెన్రీ వుడ్ అనే కండక్టర్ తన ఆర్కెస్ట్రాలోకి ఆడవాళ్ళని తీసుకున్నప్పుడు ఆ తొలి విడతలో ఈవిడ ఉంది.

తమ్ముడు: ...అది నాకు తెలీదు.

అక్క: కడుపు నింపిన వాయిద్యానికే ఆ సొనాటా రాసింది. అది వింటుంటే నాకు పోటీ, బహుమతి ఏవీ గుర్తుండవు.

తమ్ముడు: మరి అంత మంచిదైతే యాభై ఏళ్ళు ఎందుకు మరుగునపడిందక్కా? 1976లో రేడియో ఆయన ఆవిడ ఇంటికి వెళ్ళింది పియానిస్టు మైరా హెస్ గురించి అడగడానికి. స్నేహితురాలి గురించి! మాటల్లో ఈవిడ కూడా సంగీతం రాసిందని తెలిసింది. అప్పటికి తొంభైకి దగ్గర. 1979లో పోయింది. బతికుండగా అచ్చయినవి కొన్నే.

అక్క: అచ్చు వేయలేదు కాబట్టి వాయించలేదు. వాయించలేదు కాబట్టి ఎవరూ అడగలేదు. సంగీతం బాగోక కాదు. అందుకే విన్నవాళ్ళు మీ టీచర్లని అడగండి, కచేరీలో పెట్టమని అడగండి. ట్రయో రెండో భాగం చాలా నెమ్మది, పాట పాడుకున్నట్టు ఉంటుంది, అక్కడ మొదలుపెట్టినా పర్లేదు.

తమ్ముడు: కాదు, సొనాటాతోనే మొదలుపెట్టాలి. వయోలా ఉంది.

అక్క: ఇవాళ్టి టాపిక్ ట్రయో!

తమ్ముడు: 1941లో క్లార్క్ రాసిన డుమ్కా అనే ముక్క ఉంది. వయోలిన్, వయోలా, పియానో. అందులో నీ ట్రయో ఉంది, నా వయోలా ఉంది.

అక్క: అది వచ్చే వారం. ఓటు గొడవ ఎత్తకపోతేనే.

తమ్ముడు: ఓటు తర్వాతే అన్యాయం జరిగిందని నేనూ అంటున్నా కదా.

అక్క: నువ్వెప్పుడన్నావు?