బాక్స్ కొనడానికి వెళ్తే కీబోర్డ్ సంకలో పెట్టుకుని వెళ్ళండి

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే చిక్కడపల్లి దాకా ఇంతమంది కీబోర్డ్ ప్లేయర్లు వచ్చారంటే నాకు నిజంగా ఆశ్చర్యంగానే ఉంది, ఎందుకంటే మనలో సగం మంది నిన్న రాత్రి ప్రోగ్రామ్ చేసి ఒంటిగంటకి ఇల్లు చేరి ఉంటారు, మిగతా సగం మంది మొన్నటి ప్రోగ్రామ్ పేమెంట్ కోసం ఇంకా ఫోన్లు చేస్తూ ఉంటారు. ఇక్కడ స్టేజి మీద దుప్పటి కప్పి రెండు స్పీకర్ బాక్సులు పెట్టాను చూడండి, అవి ఏ కంపెనీవో ఇప్పుడు చెప్పను, చివర్లో వాటి పని ఉంది.

నేను మాట్లాడేది ఒంటరిగా వాయించేవాళ్ళ గురించి. ఒక కీబోర్డ్, ఒక మైక్, మహా అయితే ట్రాక్స్ కోసం ఒక ట్యాబ్, అంతే. బ్యాండ్‌తో వెళ్తే సౌండ్ వాళ్ళు ఉంటారు, లారీలో సామాన్ దింపుతారు, ఆ లొల్లి మనది కాదు. మనం మాత్రం కేఫ్‌లో, అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో, ఎవరింటి టెర్రస్ మీదో హల్దీకి, ఓణీల ఫంక్షన్‌కి వెళ్ళి, మన బాక్స్ మనమే మోసుకుని, మన జాక్ మనమే పెట్టుకుని, వాయిస్తూనే మధ్యలో లేచి మైక్ కూడా తగ్గించుకునే బాపతు.

నా మొదటి బాక్స్ 15 అంగుళాలది, అంటే లోపలి స్పీకర్ వెడల్పు అంత. ఎందుకు కొన్నానంటే షాప్‌లో పక్కనే ఉన్న 10 అంగుళాలది దాని ముందు పిల్లలా కనిపించింది, అంతకుమించి కారణం లేదు. కొంపల్లి వైపు ఒక ఫంక్షన్ హాల్‌లో సంగీత్‌కి తీసుకెళ్ళా, బావమరిది ఒక పక్క నేను ఒక పక్క పట్టుకుని మెట్లెక్కించాం, నడుం పట్టేసింది. సరే వాయించా. ఎదురుగా కూర్చున్న పెద్దాయన వచ్చి చెవులు పోతున్నాయి బాబూ తగ్గించు అన్నాడు, అదే సమయంలో పక్క టేబుల్స్ వాళ్ళు పాట సరిగ్గా వినపడట్లేదు డుబుడుబు మాత్రమే వస్తోంది అన్నారు. ఇద్దరూ నిజమే చెప్పారు! అప్పుడు నాకు తెలీలేదు, తర్వాత చదువుకుంటే అర్థమైంది. శబ్ద తరంగం పొడవు స్పీకర్ కోన్ వెడల్పుకి దగ్గరపడే చోటు నుంచి సౌండ్ పక్కలకి పరుచుకోవడం తగ్గిపోయి టార్చి లైటులా ఎదురుగానే పోతుంది. 15 అంగుళాల కోన్‌కి అది సుమారు 900 హెర్ట్జ్ దగ్గరే మొదలవుతుంది, అంటే మిడిల్ సి పైన రెండో ఏ నోట్ ఉంది కదా, 880, అక్కడే. మన కుడిచెయ్యి తిరిగే ఏరియా అంతా అదే. 8 అంగుళాల దానికైతే 1700 దాకా ఆ తిప్పలు రావు, ఆపైన హార్న్, అదే బాక్స్‌లో సన్న శబ్దాలకి ఉండే చిన్న స్పీకర్, అందుకుంటుంది. కంపెనీలు దీనికి రకరకాల మందులు వేస్తాయి, మంచి 15 అంగుళాలవి కూడా ఉన్నాయి, కాదనను. కానీ పియానో టోన్ అన్ని టేబుల్స్‌కీ ఒకేలా చేరాలంటే 8, 10 అంగుళాల దాంట్లో పని తేలిగ్గా అయిపోతుంది. పిట్ట కొంచెం కూత ఘనం అని మనవాళ్ళు ఊరికే అనలేదు.

ఇంక వాట్స్. దీనికి మనం మోసపోయినంత దేనికీ మోసపోం. యమహా డీబీఆర్10 అని ఒక బాక్స్ ఉంది, కంపెనీ లెక్క ప్రకారం 700 వాట్స్ పీక్. క్యూఎస్‌సీ కె8.2 అని ఇంకోటి, 2000 వాట్స్ పీక్. వింటే ఏమనిపిస్తుంది, రెండోది మూడింతలు మోగుతుంది అనిపిస్తుంది కదా. కింద ఇంకో లైన్ ఉంటుంది, మాగ్జిమమ్ ఎస్పీఎల్ అని, అంటే బాక్స్ గరిష్ఠంగా ఎంత మోగుతుందో, అది చూడండి: మొదటిదానికి 129 డెసిబెల్స్, రెండోదానికి 128. అయిపోయింది కథ. క్యూఎస్‌సీ తక్కువ బాక్స్ అని చెప్పట్లేదు, చాలా మంచిది, నాకిష్టం కూడా. వాట్స్ అంకె ఒక్కటీ పట్టుకుని ఏదీ తేల్చలేం అంటున్నా, అంతే. పీక్ అంటే కన్నుమూసి తెరిచే లోపు వచ్చే దెబ్బ, నిలకడగా ఇచ్చేది వేరే, అదే డీబీఆర్10 నిలకడగా ఇచ్చేది 325 వాట్సే. పైగా పవర్ రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెట్టింపు మోత అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి, దానికి పదింతల పవర్ కావాలి.

అసలు మనకి అంత మోత ఎందుకు చెప్పండి? ఈ 128, 129 అన్నీ బాక్స్‌కి ఒక మీటర్ దూరంలో లెక్క. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ పడిపోతుంది, 8 మీటర్లకి 18 పోతుంది, అయినా 110 దగ్గర మిగులుతుంది, ఆ మోతలో హల్దీలో ఎవరూ మాట్లాడుకోలేరు. 2000 సంవత్సరం నాటి నాయిస్ రూల్స్‌లో నివాస ప్రాంతాలకి పగలు పరిమితి 55 డెసిబెల్స్, రాత్రి పదింటి నుంచి పొద్దున ఆరింటి దాకా బయట లౌడ్‌స్పీకరే వద్దు. కాబట్టి నేను చూసేది తక్కువ వాల్యూమ్‌లో బాక్స్ ఎలా ఉంటుందని. కేఫ్‌లో కాఫీ మెషిన్ కంటే కొంచెం పైన ఉండాలి మనం, అక్కడ కొన్ని బాక్సులు ఉస్స్ అని పాములా శబ్దం చేస్తుంటాయి, కొన్నింటిలో ఫ్యాన్ తిరుగుతూ మెల్లటి పాట మధ్యలో గుయ్ గుయ్ అంటుంది. స్పెక్ షీట్‌లో ఇది కనపడదు. చెవి దగ్గర పెట్టి వినాల్సిందే.

బేస్ సంగతి చాలామంది అడుగుతారు. పియానోలో అట్టడుగు నోట్ 27.5 హెర్ట్జ్. మనం మోయగలిగే ఏ బాక్సూ అది సరిగ్గా కొట్టదు, 10 అంగుళాలవి 55, 60 దగ్గరే చేతులెత్తేస్తాయి. అయినా మనకి ఆ నోట్ వినపడినట్టే ఉంటుంది, ఎందుకంటే దానితో పాటే రెండింతలు, మూడింతల ఫ్రీక్వెన్సీలో మోగే హార్మోనిక్స్ వింటే కిందది మన మెదడే అల్లుకుంటుంది. కానీ ఇక్కడ ఒక తిరకాసు ఉంది. మనలో చాలామంది ఒట్టి పియానో వాయించరు, స్టైల్స్, అంటే కీబోర్డే వాయించే తాళం, పెట్టుకుని డోలక్ లూప్ మీద వాయిస్తారు, తీన్మార్ కూడా అడుగుతారు చివర్లో, అడక్కుండా ఉండరు. అలాంటప్పుడు 8 అంగుళాల బాక్స్ గింజుకుంటుంది, 10 తీసుకోండి, లేదా డాన్స్ ప్రోగ్రామ్ అయితే ఆ రోజుకి ఒక సబ్, అంటే బేస్ మాత్రమే కొట్టే బాక్స్, అద్దెకి తెచ్చుకోండి. నెలకి ఒక డాన్స్ ప్రోగ్రామ్ కోసం మిగతా రోజులన్నీ సబ్ మొయ్యడం ఎందుకు.

ఇప్పుడు అసలు విషయం, నేను ఇవాళ వచ్చిందే దీనికోసం. కొత్త బాక్స్ కొంటారు, ఇంట్లో హెడ్‌ఫోన్‌లో అద్భుతంగా ఉన్న పియానో దాంట్లో రేకు డబ్బాలా వినిపిస్తుంది, బాక్స్ బాలేదని అమ్మేసి ఇంకోటి కొంటారు, అది కూడా అంతే. నేను రెండుసార్లు చేశా ఈ పని. తప్పు బాక్స్‌ది కాదు! పియానో శాంపిల్‌ని, అంటే కీబోర్డ్‌లో దాచిన అసలు పియానో రికార్డింగ్‌ని, సాధారణంగా స్టీరియోలో, ఎడమకి ఒకటి కుడికి ఒకటిగా, కనీసం రెండు మైకులతో రికార్డ్ చేస్తారు, ఒకే నోట్ ఆ రెండింటికీ వెంట్రుకవాసి తేడాతో చేరుతుంది, రెండు చెవులకీ విడివిడిగా వింటే ఆ తేడాయే అందం. రెంటినీ కలిపి ఒక్క బాక్స్‌లోకి పంపితే కొన్ని ఫ్రీక్వెన్సీలు ఒకదాన్నొకటి తినేస్తాయి, మధ్య ఆక్టేవ్‌లో అంటే మధ్య స్థాయిలో, ఒక నోట్ బలంగా, పక్క నోట్ బోలుగా వస్తుంది. కీబోర్డ్ వెనక ఎల్ / మోనో (ఎడమ, లేదా రెండూ కలిపి ఒకటే) అని రాసున్న జాక్‌లో ఒక్క వైరే పెడితే జరిగేది అదే, చాలా కీబోర్డులు లోపలే రెంటినీ కలిపేస్తాయి.

దీనికి ఏం చేస్తాం? డబ్బులుంటే ఒక పెద్ద బాక్స్ బదులు రెండు చిన్నవి కొనండి, స్టీరియోలో వాయించండి, ఒకటి చెడిపోయినా రెండోదాంతో ప్రోగ్రామ్ గట్టెక్కుతుంది. ఒకటే ఉంటే కీబోర్డ్‌లో మోనో పియానో టోన్ ఉందేమో వెతకండి, కొన్నింటిలో ఉంటుంది, ఎవరూ తెరిచి చూడరు. అది కూడా లేకపోతే ఒక చిట్కా: కుడి జాక్‌లో కూడా ఊరికే ఒక ఖాళీ వైర్ గుచ్చండి. అప్పుడు చాలా కీబోర్డుల్లో ఎడమ జాక్ నుంచి ఒట్టి ఎడమ ఛానలే వస్తుంది, కలవదు, పియానో ఒక్కసారిగా నిలబడుతుంది. కాకపోతే స్టైల్‌లో కుడి పక్కకి తోసిన తాళాలు, గిటార్ లాంటివి సన్నబడతాయి, కాబట్టి స్టైల్స్ వాయించేవాళ్ళకి ఇది అంత పనికిరాదు. వై కేబుల్‌తో రెండు అవుట్‌పుట్లు ఒకటిగా ముడేయొద్దు మాత్రం, ఒకదాని కరెంట్ ఇంకోదాని మీద పడుతుంది.

బరువు గురించి కొంచెం. డీబీఆర్10 పదిన్నర కిలోలు. నాకు అదే హద్దు, యాక్టివా ముందు ఫుట్‌బోర్డ్ మీద పెట్టుకుని భుజానికి 61 కీల కీబోర్డ్ తగిలించుకుని మెహిదీపట్నం నుంచి గచ్చిబౌలి దాకా పోయిన రోజులున్నాయి, పోలీసులు ఎవరైనా ఉంటే ఈ మాట వినలేదనుకోండి. లిఫ్ట్ ఉందండీ అంటారు ఫోన్‌లో, వెళ్తే పని చెయ్యదు, లేదా అది పూలవాళ్ళు ఆపి పెట్టుకుంటారు. బ్యాటరీ బాక్సులు ఇంకా తేలిక, బోస్ ఎస్1 ప్రో ఏడు కిలోలు, పదకొండు గంటల దాకా వస్తుందని కంపెనీ అంటుంది, జేబీఎల్ ఈఆన్ వన్ కాంపాక్ట్ ఎనిమిది కిలోలు, పన్నెండు గంటలంటారు. గట్టిగా వాయిస్తే అంత రాదు లెండి. అరవై మంది లోపు పాటకి, పియానోకి ఇవి చాలు. కరెంట్ పోయి జనరేటర్ అందుకునే లోపు హాలంతా చీకట్లో ఉంటే మీ బాక్స్ ఒక్కటే మోగుతుంటుంది చూడండి, ఆ రోజు టిప్పు కూడా వస్తుంది. కీబోర్డ్ మాత్రం బ్యాటరీతో నడిచేది కాకపోతే దానికి చిన్న యూపీఎస్ పెట్టుకోవాలి.

హమ్మింగ్. లైటింగ్ వాళ్ళ సీరియల్ బల్బులు, మన బాక్స్ ఒకే లైన్ మీద ఉంటే, ఎర్తింగ్ సరిగ్గా లేకపోతే గూంయ్ మని వస్తుంది. అప్పుడు ఎవడో ఒకడు వచ్చి అన్నా మూడో పిన్ను పీకెయ్, పోతుంది అంటాడు. నిజంగానే పోతుంది, తర్వాత మైక్ పెదాలకి తగిలి షాక్ కొడితే మనిషి కూడా పోతాడు. పిన్ను జోలికి వెళ్ళొద్దు. ముందు ట్యాబ్ ఛార్జర్ తీసి చూడండి, చాలాసార్లు దొంగ అదే. అప్పటికీ ఉంటే కీబోర్డ్‌కీ స్పీకర్‌కీ మధ్య వైర్‌లో పెట్టే డీఐ బాక్స్‌లో గ్రౌండ్ లిఫ్ట్ నొక్కండి, అది ఆడియో వైర్ గ్రౌండ్‌నే తెంపుతుంది, కరెంట్ ఎర్త్‌ని ముట్టదు.

కొనేటప్పుడు కోఠి గుజరాతీ గల్లీకి వెళ్ళినా, షోరూమ్‌కి వెళ్ళినా షాప్‌వాడు పెన్‌డ్రైవ్ గుచ్చి ఒక మాస్ పాట పెడతాడు. దానికి ఏ బాక్సైనా అదిరిపోతుంది. మీ కీబోర్డ్ సంకలో పెట్టుకుని వెళ్ళండి, సిగ్గుపడకండి, మీరు రోజూ వాయించే టోన్ పెట్టి మధ్య రెండు ఆక్టేవులు ఒక్కో నోటూ మెల్లగా నొక్కుతూ పొండి. తర్వాత ఎవరినైనా వాయించమని మీరు బాక్స్‌కి పక్కగా, నలభై ఐదు డిగ్రీల మూలకి నడిచి వినండి, అక్కడే బండారం బయటపడుతుంది. మీ మైక్‌లో మీ గొంతు కూడా పెట్టి చూడండి. ఇన్‌పుట్ దగ్గర మైక్, లైన్ స్విచ్ ఉంటే కీబోర్డ్‌ది లైన్‌లోనే ఉందా చూసుకోండి, మైక్‌లో ఉంటే సౌండ్ పగిలి పాపం బాక్స్‌ని తిట్టుకుంటారు. సర్వీస్ మన సిటీలోనే చేస్తారా, బోర్డు పోతే ఎన్ని రోజులు అని బేరం కంటే ముందు అడగండి. నా బాక్స్ ఒకటి సరిగ్గా పెళ్ళిళ్ళ సీజన్‌లో నలభై రోజులు వేరే ఊళ్ళో రిపేర్‌లో కూర్చుంది, ఆ నలభై రోజులూ అద్దె బాక్సులకి కట్టిందాంతో ఇంకోటి వచ్చేది.

సరే, మాటలు చాలు. ఈ దుప్పటి కింద ఒకటి 15 అంగుళాలది, ఒకటి 8, రెంటికీ ఒకే వాల్యూమ్ సెట్ చేశా. తమ్ముడూ, ఆ చివరి వరసలో నువ్వే, వచ్చి ఆ కీబోర్డ్ మీద ఏదైనా మెల్లగా వాయించు. మిగతావాళ్ళు లేచి గోడల పక్కకి వెళ్ళి నిలబడండి, ఎదురుగా ఎవరూ కూర్చోవద్దు. ఏది మోగుతోందో నేను చెప్పను, పియానో మాట స్పష్టంగా వినపడినప్పుడు చెయ్యెత్తండి.